డబ్బులు కట్ అయ్యాయి, యాప్ రాలేదు

తెనాలి బోస్ రోడ్డులో ఓ సెల్ షాపు కౌంటర్ మీద రాసుకున్నవి

2025 ఏప్రిల్ 12, శనివారం

మధ్యాహ్నం కాబోతుండగా సౌండ్ బాక్సు మూగబోయింది. మన పెట్టే చెడిందనుకున్నా. తీరా చూస్తే పక్క మందుల షాపు పెట్టె కూడా పలకడం లేదు. ఎదురు టిఫిన్ బండి దగ్గర ఇద్దరు ఇడ్లీ తినేసి, చెయ్యి కడుక్కుని, ఫోన్లు పట్టుకుని తెల్లమొహాలేసుకుని నిలబడ్డారు. జేబులో పది రూపాయల కాగితం కూడా లేదు పాపం. దేశమంతా యూపీఐ ఆడడం లేదని కాసేపటికి టీవీలో వచ్చింది. పోయిన నెల 26న కూడా ఇదే తంతు.

సరిగ్గా అప్పుడే ఓ డిగ్రీ కుర్రాడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వీడియో ఎడిటింగ్ యాప్ ఏడాది ప్యాకు కొంటున్నాడట, ఆఫరు ఇవాళే ఆఖరట. "అన్నా, నాలుగుసార్లు కొట్టా. ఓసారి డబ్బులు కట్ అయ్యాయి. యాప్‌లో మాత్రం తాళం బొమ్మ పోవట్లేదు." చెబుతూనే అయిదోసారి కొట్టబోతున్నాడు. ఫోన్ లాక్కుని కౌంటర్ అద్దం మీద బోర్లా పెట్టేశా.

ఫెయిల్ అయిందంటే పెద్ద గొడవ లేదు, మామూలుగా డబ్బు మన దగ్గరే ఉంటుంది. పెండింగ్ అన్నప్పుడే చెయ్యి ఆగాలి. ఆగదు. అందరికీ వేలు దురద.

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్న అంబేడ్కర్ జయంతి, బ్యాంకులు లేవు. కుర్రాడు ఇవాళ మళ్ళీ వచ్చాడు. ఇద్దరం కూర్చుని వరసగా చూశాం. ముందు బ్యాంకు మెసేజీలు. తర్వాత యూపీఐ యాప్‌లో చరిత్ర. ఆ తర్వాత ప్లే స్టోరులో పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ ఉన్న చోట ఆర్డర్లు. చివర్న జీమెయిల్. గూగుల్ ప్లేలో ఏది కొన్నా జీపీఏ అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డరు నంబరుతో మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ ఉంటే స్టోరుకి మన సంగతి తెలిసినట్టే, ఇక అక్కడే అడగాలి. అది లేక, బ్యాంకు మెసేజీ మాత్రమే ఉంటే డబ్బు దారిలో ఉన్నట్టు.

వీడిది దారిలోనే ఉంది. గడువు చెప్పి పంపా. దుకాణానికి కట్టిన డబ్బు మన ఖాతాలో కోసేసి, అవతలికి ధ్రువీకరణ చేరకపోతే, కట్టిన రోజు కాక అయిదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి వంద రూపాయల పరిహారం. ఆర్‌బీఐ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ఇది, ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. మనిషి నుంచి మనిషికి పంపిందైతే గడువు ఒక్క రోజే.

"వంద ఇస్తారా? అయితే లేటుగా రానీ అన్నా" అన్నాడు వెధవ.

ఏప్రిల్ 21, సోమవారం

రిటైరైన తెలుగు మాస్టారు. పంచాంగం యాప్‌లో ప్రకటనలు రాకుండా ఉండాలంటే డబ్బు కట్టాలి. యూపీఐ అంటే ఆయనకి నమ్మకం లేదు. కార్డు తెచ్చారు. ప్లాస్టిక్ కవరులో వేంకటేశ్వరస్వామి బొమ్మ, దాని వెనక ఏటీఎం కార్డు, ఆ వెనక మడత పెట్టిన కాగితం మీద పిన్ నంబరు. కాగితం ముందు చింపించా. చింపేదాకా కార్డు ముట్టుకోనన్నా.

నంబరు కొట్టాం, తేదీ కొట్టాం, వెనక మూడంకెలు కొట్టాం. ఓటీపీ కూడా రాకుండానే తిరస్కరించింది. "ఖాతాలో లక్ష ఉంటే కాదంటుందేమిటయ్యా!" మాస్టారికి అది డబ్బు సంగతి కాదు, పరువు సంగతి.

కారణం డబ్బు కాదు. ఈ కార్డుతో ఆయన ఎప్పుడూ ఆన్‌లైన్లో కొనలేదు. ఆర్‌బీఐ 2020 జనవరిలో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డు ఏటీఎంలోనూ, దుకాణాల్లో గీకే మెషీన్లలోనూ మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ కొనుగోలుకీ, విదేశీ లావాదేవీకీ ఖాతాదారే మీట తిప్పుకోవాలి. అంతకుముందు ఉన్న కార్డుల్లో ఎప్పుడూ ఆన్‌లైన్ ముఖం చూడనివాటికీ ఆ మీట కట్టేశారు. మంచి నిబంధనే. మాస్టారి కార్డు ఎక్కడైనా పడిపోతే దొంగ దాంతో ఆన్‌లైన్లో గవ్వ కూడా కొనలేడు. చిక్కల్లా ఆ ముక్క ఆయనకి ఎవరూ చెప్పకపోవడమే. ఫోన్ తెర మీద వచ్చేది ఒకటే మాట: మీ బ్యాంకుని సంప్రదించండి.

బ్యాంకు యాప్‌లో కార్డుల దగ్గరికెళ్ళి ఆన్‌లైన్ వాడకం ఆన్ చేశాం. పరిమితి రెండు వేలకి దించాం. అంతర్జాతీయం ఆఫ్‌లోనే ఉంచాం. ఈసారి ఓటీపీ వచ్చింది. మాస్టారు వెంటనే రేపటి వర్జ్యం చూసుకున్నారు.

ఏప్రిల్ 30, బుధవారం

అక్షయ తృతీయ. బంగారం షాపుల దగ్గర జనం, నా దగ్గర ఈగలు.

ఒకే ఒక్క కేసు. బ్యాంకు కొత్త కార్డు పంపింది, స్టోరులో పాత కార్డే కూర్చుంది. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ మాత్రమే ఉంటుంది. పాత కార్డు తీసేసి కొత్తది ఎక్కించాం. టీ తాగేలోపు అయిపోయింది.

మే 9, శుక్రవారం

మారిసుపేట నుంచి ఒకావిడ. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయినసారి వచ్చినప్పుడు తన పాత ఐఫోన్ అమ్మకిచ్చి వెళ్ళాడు. "ఫొటోలకి జాగా లేదంటోంది బాబూ. డబ్బు కట్టమంటోంది. కడతానంటే తీసుకోవడం లేదు. ఇదెక్కడి విడ్డూరం?" చేతిలో రూపాయల ఖాతా, ఫోన్‌లో ధర డాలర్లలో.

సెట్టింగ్స్ తెరిచి చూస్తే దేశం దగ్గర అమెరికా అని ఉంది. కొడుకు ఖాతానే తల్లి వాడుతోంది. అమెరికా స్టోరులో మన యూపీఐ కనిపించనే కనిపించదు. దేశం మార్చాలంటే ఖాతాలో మిగిలిన బ్యాలెన్సు ముందు ఖర్చయిపోవాలి, నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లు రద్దవ్వాలి. అవన్నీ కొడుకువి. ఆయన సినిమాలూ పాటలూ అక్కడ ఆగిపోతాయి. గూగుల్ ప్లేలోనైతే ఏడాదికి ఒక్కసారే దేశం మార్చనిస్తారు, పాత దేశం బ్యాలెన్సు కొత్త దేశంలో చెల్లదు.

తల్లికి ఆమె పేరనే ఇండియా ఖాతా తెరవడమే దారి. ఇండియా స్టోరుకీ ఓ మెలిక ఉంది. 2022లో యాపిల్ ఇక్కడి బ్యాంకుల క్రెడిట్, డెబిట్ కార్డులు తీసుకోవడం మానేసింది. పదే పదే కోసే చెల్లింపులకి ఆర్‌బీఐ కొత్త షరతులు పెట్టాక వచ్చిన మార్పు అది. యూపీఐతో కట్టొచ్చు, లేదా ముందుగా ఖాతాలో డబ్బు వేసుకుని అందులోంచి వాడుకోవచ్చు.

కొడుక్కి వీడియో కాల్ చేయించా. అక్కడ అర్ధరాత్రి దాటింది. నిద్ర కళ్ళతో "అన్నా, మీరేం చేసినా ఓకే, మా అమ్మ ఫొటోలు మాత్రం పోగొట్టద్దు" అన్నాడు. ఫొటోలు ముందు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే ఖాతా జోలికెళ్ళా. సాయంత్రం దాకా పట్టింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఆవకాయ పెట్టగానే పంపిస్తానంది.

మే 19, సోమవారం

కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను ఒక్కటే. యూపీఐలో ఏ కోడ్ వస్తే ఏమిటో నోటుబుక్కు వెనక అట్ట మీద రాసిపెట్టుకున్నా, మా షాపు కుర్రాడికి పనికొస్తుందని. జడ్ 9 అంటే ఖాతాలో డబ్బు చాలదు. జడ్ ఎం అంటే పిన్ తప్పు. జడ్ 6 అంటే తప్పు పిన్ మరీ ఎక్కువసార్లు కొట్టారు, ఇవాళ్టికి వదిలేయండి. యూ 69 అంటే డబ్బు అడిగినప్పుడు గడువులోపు ఒప్పుకోలేదు. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకున్నవాళ్ళకి మొదటి రోజు అయిదు వేలు దాటి పోదు. అది కోడ్ కాదు గానీ దానికీ జనం నా మీదే అరుస్తారు.

ఈ కోడ్‌ల పక్కన ఒక్క తెలుగు ముక్క వేస్తే యాప్‌లవాళ్ళ సొమ్మేం పోయింది?

మే 28, బుధవారం

ఏప్రిల్ 12న ఏమైందో ఇప్పుడు అందరికీ తెలిసింది. జనం ఎక్కువ కట్టేసి కూలిపోలేదు. కొన్ని బ్యాంకులు "ఆ లావాదేవీ ఏమైంది, ఆ లావాదేవీ ఏమైంది" అని పాతవాటి గురించి కూడా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థని ఆగకుండా అడుగుతూ కూర్చున్నాయి. ఆ అడగడం తట్టుకోలేకే అసలు పని ఆగింది. పెళ్ళింట్లో వంటవాడి దగ్గరికి నిమిషానికొకడు వచ్చి "అయిందా" అంటే వాడు గరిటె ఎప్పుడు తిప్పాలి?

ఇక మీదట అలా అడగడానికి లెక్క పెడుతున్నారు. ఒక్కో యాప్‌లో రోజుకి యాభైసార్లకి మించి బ్యాలెన్సు చూడనివ్వరు. యాభై చాలదా అంటారా? మా వీధిలో షేర్లు ఆడే ఒకాయన ఉన్నాడు, ఆయనకి చాలదు.

నా కౌంటర్ దగ్గర వేలు దురద ఉన్నవాళ్ళని నేను తిడతా. బ్యాంకులకీ అదే జబ్బని తెలిశాక తిట్టు కాస్త తగ్గించా.

జూన్ 3, మంగళవారం

యూట్యూబ్ వైద్యం గురించి రాయాలి. పేమెంట్ ఫెయిలైతే చాలు, క్యాష్ క్లియర్ చెయ్యండి, డేటా క్లియర్ చెయ్యండి, ఫోన్ రీసెట్ చెయ్యండి అంటారు. ప్లే స్టోరు క్యాష్ తీసేస్తే నష్టం లేదు, ఒక్కోసారి గుండ్రంగా తిరిగే బొమ్మ ఆగుతుంది కూడా. ఫోన్‌లో తేదీ, టైము తప్పుగా ఉన్నా కుదరదు, అదీ చూసుకోవాలి. కానీ యూపీఐ యాప్ డేటా తుడిచేస్తే మళ్ళీ మొదటి నుంచీ నమోదు చేసుకోవాలి.

ఇవాళ కొల్లిపర వైపు నుంచి వచ్చిన రైతు అదే చేసుకుని వచ్చాడు. మళ్ళీ నమోదు కావడం లేదు. నమోదుకి ఆ ఫోన్‌లోంచి బ్యాంకు నంబరున్న సిమ్ మీదే ఓ మెసేజీ బయటికెళ్ళాలి. ఆయన రెండో సిమ్‌లో రీచార్జి అయిపోయి నెల దాటింది. ఫోన్లు వస్తున్నాయి కాబట్టి సిమ్ బతికే ఉందనుకున్నాడు. మెసేజీ పోదు కదా. రీచార్జి చేశా, వెంటనే నమోదైంది. ఆయన కొనాలనుకున్న యాప్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. తర్వాత ఫోన్ చేశాడు, ఇంట్లో మనవడు చేసిపెట్టాడట.

జూన్ 14, శనివారం

బడులు తెరిచారు, అయినా ఆటలు ఆగలేదు. ఓ తండ్రి తొమ్మిదేళ్ళవాణ్ణి చెవి పట్టుకుని తెచ్చాడు. గేములో డైమండ్లు కొన్నాడట. ఇక్కడ పేమెంట్ ఫెయిల్ కాకపోవడమే బాధ. ప్లే స్టోరులో కొనుగోలుకి ప్రతిసారీ వేలిముద్రో పాస్‌వర్డో అడిగే సెట్టింగ్ ఉంది, అది పెట్టా. కొని 48 గంటలు కాలేదు కాబట్టి స్టోరులోనే రీఫండ్ కోసం రాయించా. పిల్లాడి చెవి వదిలిపెట్టించడమే కష్టమైంది.

జూన్ 25, బుధవారం

మిషన్ కుట్టే అక్క. జాకెట్టు డిజైన్ల యాప్‌కి 299 కట్టింది, యాప్ తెరుచుకోలేదు. కౌంటర్ ముందు నిలబడి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది, టెంపర్డ్ గ్లాస్ కోసం వచ్చి. "ఆ సార్, చెప్పండి సార్, ఆ యాప్ ఎక్కించాను సార్, తొమ్మిదంకెలు వచ్చాయి సార్..."

తొమ్మిదంకెలు అనగానే లేచా. ఫోన్ ఇమ్మంటే ఇవ్వదు. "ఆగు తమ్ముడూ, కస్టమర్ కేర్ సారు రీఫండ్ వేస్తున్నారు" అంటోంది. తెర చూస్తే, మన ఫోన్ అవతలివాడికి కనిపించేలా చేసే యాప్ ఎక్కించేసింది. ఆ అంకెలు చెబితే ఆమె కొట్టే ప్రతి పిన్నూ వాడు చూస్తాడు. కాల్ కట్ చేసి, నెట్ ఆపి, ఆ యాప్ పీకేశా. నాలుగు క్షణాలు నన్ను దొంగని చూసినట్టు చూసింది.

"నంబరు ఎక్కడిదక్కా?"

"గూగుల్లో కొడితే మొదట అదే వచ్చింది."

వీళ్ళు కాచుక్కూర్చునేది ఇలాంటి చోటే. డబ్బు పోగొట్టుకున్న మనిషి రీఫండ్ అనే మాట వింటే చాలు, ఏది చెబితే అది చేస్తుంది. యాప్ స్టోరు సాయం కావాలంటే ఆ స్టోరు లోపలి నుంచే అడగాలి. యూపీఐ ఫిర్యాదు ఆ లావాదేవీ తెరిచి అక్కడే పెట్టాలి. బ్యాంకు నంబరు కావాలంటే కార్డు వెనకే ఉంటుంది. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు, పిన్ అడిగారంటే పోయేది మనదే. ఒకవేళ పోతే ఆలోచించకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

అక్క కాసేపు స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగింది. "నా అకౌంట్లో చీటీ డబ్బులున్నాయి తమ్ముడూ" అంది. తర్వాత టెంపర్డ్ గ్లాస్ వేయించుకుని, ఇరవై రూపాయలు బేరమాడి వెళ్ళింది.

జులై 10, గురువారం

నెల నెలా కోసుకునే ఆటోపే గురించి ఓ పెద్ద తగాదా. భార్యాభర్తలు. ఏడు రోజులు ఉచితం అంటే ఆవిడ యోగా యాప్ పెట్టుకుంది. రెండు రోజులు చేసి, యాప్ తీసేసింది. డబ్బు కట్ అయింది. ఆయన అరుస్తున్నాడు, ఆవిడ ఇంకా గట్టిగా అరుస్తోంది: "తీసేశాను కదా!"

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు. స్టోరులోకి వెళ్ళి రద్దు చెయ్యాలి, లేదా యూపీఐ యాప్‌లో మాండేట్లు ఉన్న చోట ఆపాలి. కోసే ముందు 24 గంటల ముందుగా మెసేజీ రావాలన్న నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. ఆవిడ ఫోన్ వెతికితే మెసేజీ ఉంది, ఆఫర్ల మెసేజీల మధ్య నలిగిపోయి. మామూలుగా 15 వేల దాకా మళ్ళీ ఓటీపీ, పిన్ ఏదీ అడక్కుండానే కోయొచ్చు. ముందు అయిదు వేలే ఉండేది, 2022లో పెంచారు.

ఇద్దరూ శాంతించి వెళ్ళారు. యోగా మాత్రం మళ్ళీ మొదలుపెట్టే సూచన లేదు.

ఆగస్టు 1, శుక్రవారం

యూపీఐ కొత్త లెక్కలు ఇవాళ్టి నుంచి. ఆటోపేలు రద్దీ వేళల్లో నడవవు. పొద్దున పదికి ముందు, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి అయిదు దాకా, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మాత్రమే. పొద్దున్నే ఖాతా ఖాళీగా ఉండి, పదకొండింటికి డబ్బు వేసి, వెంటనే కోయలేదేమని అడిగేవాళ్ళు ఇక మొదలవుతారు. ఒంటి గంట దాకా ఆగమని ఇప్పుడే అట్ట మీద రాసి తగిలించా. ఎవరూ చదవరు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మారిసుపేట ఆవిడ పేరంటానికి పిలిచి మా ఆవిడ చేతికి ఆవకాయ జాడీ ఇచ్చింది. ఫొటోలన్నీ ఉన్నాయట.

ఆగస్టు 19, మంగళవారం

ఆటో నడిపే బాబాయ్. కూతురికి ఇంగ్లీషు నేర్పే యాప్ కొన్నాడు, 999 రూపాయలు, ఈ నెల 6న. డబ్బు కట్ అయింది, యాప్‌లో పాఠాలు తెరుచుకోలేదు. యాప్ వాళ్ళనడిగితే మాకు చేరలేదు, బ్యాంకుని అడగమన్నారు. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో కూర్చున్నాయన మా దగ్గర కట్ అయిపోయింది, యాప్ వాళ్ళనే అడగమన్నాడు. ఈ తిరుగుడుకి రెండు పూటల బేరం పోయింది బాబాయ్‌కి.

నా దగ్గరికి వచ్చాక పన్నెండంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు కాగితం మీద రాసిచ్చి, యూపీఐ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టించా. బ్యాంకుకీ రాతపూర్వకంగా ఇప్పించి, కాపీ మీద ముద్ర వేయించుకు రమ్మన్నా. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, రుసుము లేదు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అంతదూరం పోలేదు. మొన్న 17న డబ్బు వెనక్కి పడింది. బాబాయ్ సంతోషంగా ఇద్దరికీ టీ చెప్పాడు.

నేను మాత్రం వేళ్ళ మీద లెక్కేశా. అయిదు రోజుల గడువు 11తో అయిపోయింది. ఆరు రోజులు ఆలస్యం. ఆరొందలు రావాలి. రాలేదు. బాబాయ్‌కి ఆ సంగతే తెలీదు, చెబితే "పోనీలేరా, అసలు వచ్చింది చాలు" అన్నాడు.

చాలదు. ఆర్‌బీఐ 2019 ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది: ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా పరిహారం బ్యాంకే తనంతట తాను వెయ్యాలి. వెయ్యి రూపాయలకి ఆరొందలు మా బాబాయ్‌కి చిన్న డబ్బు కాదు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఆ ఒక్క వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయించి మీ బ్రాంచి కౌంటర్ అద్దానికి అంటించండి. అచ్చు ఖర్చు నేనిస్తా.